జిమ్మీకి తెలుగు రాదట

మా రేవువలస పురపాలక సంఘం కుక్కలకు తెలుగు పరీక్ష పెట్టిన సంవత్సరం నేను జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఆ పరీక్ష గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటారు. కుక్కల చేత పద్యాలు చదివించారనీ, ఎవరిదో పొమేరియన్‌కు ఛందస్సులో మార్కులు తగ్గాయనీ అంటారు. అవన్నీ అబద్ధాలు. పద్యాలు రెండో దశలో ఉండేవి. అంతవరకూ రాలేదు.

దీనికంతటికీ మూలం మా ఛైర్మన్ గారింట్లో తాగిన కాఫీ. మాతృభాషా దినోత్సవ సభ అయ్యాక ముఖ్య అతిథి భాషాభూషణ త్రివిక్రమరావు గారినీ, మా కమిషనరు విద్యాధర్ గారినీ ఛైర్మన్ గారు ఇంటికి తీసుకువెళ్ళారు. త్రివిక్రమరావు గారు కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన పండితులు. ఆయనకు కప్పిన శాలువాలు మోయడానికి నేను కూడా వెంట ఉన్నాను.

ఛైర్మన్ గారి భార్య మంజులవాణి గారు తలుపు తీశారు. ఆవిడ పనిమనిషిని తెలుగులో కేకలేశారు. ఫోన్‌లో పాలవాడిని తెలుగులో కడిగేశారు. ముందుగా చెప్పకుండా మనుషుల్ని వెంటేసుకొచ్చినందుకు ఛైర్మన్ గారిని చక్కని తెలుగులోనే గొణుగుతూ తిట్టారు. అంతలో లోపలి నుంచి దున్నపిల్లంత నల్లకుక్క ఒకటి మా మీదికి ఉరికింది. దాన్ని చూడగానే ఆవిడ గొంతు తేనెలో ముంచినట్టయింది.

"నో రాకీ! బ్యాడ్ బాయ్! కమ్ హియర్! సిట్, నాన్నా, సిట్!"

త్రివిక్రమరావు గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

"అమ్మా, తమరికి ఆంగ్లంలో బాగా ప్రవేశం ఉన్నట్టుందే?"

"అయ్యో, ఎక్కడండీ! టెన్త్‌లో ఇంగ్లీషే కదండీ పోయింది."

"మరి కుక్కతో..."

"కుక్కతో తెలుగులో ఎలా మాట్లాడతామండీ?" అన్నారావిడ ఆశ్చర్యపోతూ. "దానికి రాదుగా!"

తిరుగు ప్రయాణంలో రైల్వే గేటు దగ్గర కారు ఆగినప్పుడు పండితుల వారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "విద్యాధర్ గారూ, పిల్లలు ఎటూ మన చెయ్యి జారిపోయారు. కనీసం కుక్కలనైనా కాపాడుకుందాం."

విద్యాధర్ గారు కదిలిపోయారు. ఆయన కదిలితే ఊరికే ఉండరు, సర్క్యులర్ ఇస్తారు. ఆయన పిల్లలిద్దరూ తెలుగు మాట్లాడితే తండ్రిని పిలిపించే బడిలో చదువుతున్నారు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. "పిల్లల జోలికి వెళితే తల్లిదండ్రులు కోర్టుకు వెళతారు. కుక్కల విషయంలో మనకా ఇబ్బంది లేదు. పైగా లైసెన్సు మన చేతిలోనే ఉంది" అన్నారు.

మూడో రోజుకల్లా నోటీసు బోర్డు మీద కాగితం పడింది. "ఇందుమూలముగా పట్టణ పరిధిలోని యావన్మంది శునక యజమానులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట శునక లైసెన్సు పునరుద్ధరణ కొరకు దరఖాస్తు చేయు ప్రతి శునకమూ తెలుగు భాషావగాహన మౌఖిక పరీక్షయందు ఉత్తీర్ణత పొందవలెను. అనుత్తీర్ణత పొందిన శునకములను పురపాలక శునక భాషా వసతి గృహమునకు తరలించి, ఉత్తీర్ణత పొందువరకు శిక్షణ ఇవ్వబడును."

ఈ పనులన్నీ చూడడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. కమిషనరు గారు సిబ్బంది జాబితా మీద వేలు నడిపించి నా పేరు దగ్గర ఆపారు. నా పేరు గేదెల భాస్కరరావు. "మీ ఇంటిపేరులోనే పశుసంవర్ధక స్పృహ ఉంది" అని అదనపు బాధ్యతలు అప్పగించారు. అప్పటికి నేను పుట్టి యాభై రెండేళ్ళయినా ఒక్క కుక్కనూ ముట్టుకుని ఎరగను.

ఆదేశాల నిర్ణయ సంఘం మొదటి సమావేశంలో నలుగురం కూర్చున్నాం: పండితుల వారు, కమిషనరు గారు, పశువైద్యురాలు డాక్టర్ హైమవతి గారు, మినిట్స్ రాయడానికి నేను. మొదటి అంశం, 'సిట్' అనే మాటకు తెలుగు.

"కూర్చో అంటే సరిపోతుంది కదండీ" అన్నారు డాక్టరు గారు. ఆవిడకు ఆ పూట రెండు గేదెలు చూడాల్సినవి ఉన్నాయి.

పండితుల వారు జాలిగా నవ్వారు. "అది వ్యావహారికం అమ్మా. పునాదిలోనే శైథిల్యం ఉంటే పైన భవనం నిలవదు. 'ఆసీనత వహింపుము' అందాం."

"కుక్కను గౌరవంగా పిలవాలా, చనువుగా పిలవాలా అన్న విధాన నిర్ణయం కూడా ఉంది" అన్నారు కమిషనరు గారు. "వహింపుము అంటే ఏకవచనం అయింది. రేపు ఎవరైనా జంతు సంక్షేమం వాళ్ళు అభ్యంతరం పెడితే?"

దాని మీద గంటంబావు చర్చ జరిగింది. చివరికి అయిదేళ్ళు దాటిన కుక్కలకు బహువచనం వాడాలని తీర్మానించారు. 'కమ్' అన్నదానికి 'ఇటకు విచ్చేయుము' సులభంగానే దొరికింది. 'షేక్ హ్యాండ్' దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కరచాలనం అందామంటే కుక్కకు కరం ఉందా అని డాక్టరు గారిని అడిగారు. శాస్త్రప్రకారం ముందు కాళ్ళేనని ఆవిడ తేల్చారు. 'పూర్వపాద ప్రదానము గావింపుము' అని రాసుకున్నాను. సాయంత్రానికి ఇరవై రెండు ఆదేశాలతో 'శునక వ్యవహార నిఘంటువు' తయారైంది. అందులో లేని మాట పరీక్షలో చెల్లదని చివర పదకొండో నిబంధన పెట్టారు.

ఆ నెల రోజులూ మా ఊరి అందం చూసి తీరాలి. సముద్రపు గట్టు మీద సాయంత్రం నడకకు వచ్చినవాళ్ళు కుక్కల ముందు నిలబడి 'పూర్వపాద ప్రదానము' అనలేక చెమటలు కక్కారు. బ్యాంకు మేనేజరు గారు నాలుక మడతపడి 'పూర్వపాప ప్రధానము' అన్నారు. కుక్క మాత్రం ఏం తెలిసిందో ఏమో, తల వంచుకుంది. వారపు సంత దగ్గర ఒకాయన 'శునక తెలుగు బోధన కేంద్రం, వంద శాతం ఫలితాలు' అని బోర్డు కట్టాడు. యజమానులకు రాదని తేలాక అదే బోర్డు మీద 'యజమానులకు కూడా' అని చిన్నక్షరాలతో రాయించాడు. చిన్నప్పుడు చదువుకున్న తెలుగు వాచకాలు అటక మీద నుంచి దించుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఆ మాటకొస్తే పథకం కొంత విజయవంతమైనట్టే.

పరీక్షా కేంద్రం, వసతి గృహం రెండూ ఒకచోటే ఏర్పాటు చేశాం. పిల్లలు చాలక మూడేళ్ళ కిందట మూతపడ్డ మునిసిపల్ తెలుగు మీడియం బడి ఖాళీగా ఉంది. గోడల మీద 'అ అమ్మ, ఆ ఆవు' బొమ్మలు ఇంకా చెరిగిపోలేదు. బాగుచేయించడానికి పెద్దగా ఏమీ అక్కరలేకపోయింది.

పరీక్ష రోజు ముందుగా రాకీ వచ్చింది. మంజులవాణి గారు పట్టుచీర కట్టుకుని, అరచేతిలో రాసుకున్నది చూసుకుంటూ "ఆసీ... ఆసీనత... వహించు" అన్నారు. రాకీ ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "సిట్, బంగారం, ప్లీజ్" అన్నారు. అది నాకు వినిపించింది. పండితుల వారికి వినిపించిందో లేదో చెప్పలేను. ఎండకు అలిసిపోయి రాకీ ఎలాగూ కూర్చుంది. ప్రథమ శ్రేణి ఇచ్చారు.

మధ్యాహ్నం అవుతుండగా అసిరమ్మ వచ్చింది.

రేవు రోడ్డు మలుపులో ఎండుచేపలు అమ్మే అసిరమ్మను మా ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. అరవై దాటిన మనిషి. కుడి కంటికి పొర కమ్మింది. కుడివైపు నుంచి ఎవరైనా గంపలో చెయ్యి పెడితే ఆమెకు కనబడదు. అటువైపు జిమ్మీ కూర్చుంటుంది. గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. గంప నిండా నెత్తళ్ళు, సావిడాయిలు ఉన్నా మూతి పెట్టదు. కాకుల్నీ, పిల్లుల్నీ, బేరం ఆడుతూ రెండు చేపలు సంచిలో వేసుకునే పెద్దమనుషుల్నీ కూడా పసిగట్టి చెబుతుంది. మునిసిపాలిటీ కుక్కల బండి ఎత్తుకుపోతుందన్న భయంతో అసిరమ్మ నాలుగేళ్ళ కిందటే దానికి లైసెన్సు బిళ్ళ కట్టించింది. ఆ శ్రద్ధే ఇప్పుడు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది. బిళ్ళ లేని కుక్కలకు పరీక్ష లేదు.

"పేరు?" అన్నారు పండితుల వారు.

"అసిరమ్మ."

"నీ పేరు కాదు, శునకం పేరు."

"జిమ్మీ, బావూ."

"ఆంగ్ల నామధేయం. తెలుగు పేరు పెట్టుకోవాలి."

అసిరమ్మకు అర్థం కాలేదు. "జిమ్మీ తెలుగు పేరు కాదేటి? మాయమ్మోలింటి కుక్క జిమ్మీ. మాయత్తోలింటి కుక్కా జిమ్మీయే. కుక్కకి జిమ్మీ అని కాక మరేటని పెడతారు బావూ?"

డాక్టరు గారు తల తిప్పుకుని నవ్వుకున్నారు. పేరు సంగతి తర్వాత చూద్దామని కమిషనరు గారన్నారు. పండితుల వారు ఆదేశం ఇవ్వమన్నారు.

అసిరమ్మ కుక్క వైపు కూడా చూడలేదు. "కూకో" అంది.

జిమ్మీ కూర్చుంది.

"తొంగో."

పడుకుంది.

"లెగు. ఇల్రా. ఆ బావు కాడికెల్లు. నోటెట్టకు, ఊరికే ఎల్లు."

జిమ్మీ లేచి, ఆమె దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చి, బల్ల మీదున్న నా టిఫిన్ డబ్బా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని నిలబడింది. పొద్దుట నుంచి మా ముందుకు నలభై కుక్కలు వచ్చాయి. ఇలా మాట విన్నది ఒక్కటీ లేదు.

పండితుల వారు నిఘంటువు తిరగేశారు. మొదటి నుంచి చివరికీ, చివర నుంచి మొదటికీ. "కూకో... తొంగో... ఇల్రా. ఇవేవీ ఇందులో లేవే. ఏ భాష ఇది?"

"నాకొచ్చింది ఒకటే బాస బావూ."

"సార్, ఈ కుక్క చాలా బాగా వింటోంది" అన్నారు డాక్టరు గారు.

"వినడం వేరు, తెలుగు రావడం వేరు డాక్టరు గారూ" అన్నారు కమిషనరు గారు. "నిబంధన పదకొండు చాలా స్పష్టంగా ఉంది."

నేను రిజిస్టరులో రాశాను: "ఆదేశ భాష: గుర్తింపబడలేదు. ఫలితం: తెలుగు రాదు."

"ఏటి రాసినారు బావూ?" అంది అసిరమ్మ నా మీదికి వంగి.

"జిమ్మీకి తెలుగు రాదని."

ఆమె మంచి కన్ను నా మీదికి తిప్పింది. "దానికి రాదా, నాకు రాదా?"

నా రిజిస్టరులో దానికి గడి లేదు. నాకు మొహం ఎత్తబుద్ధి కాలేదు. మా ఇంట్లో మా అమ్మ బతికున్నన్నాళ్ళూ 'కూకో' అనే అంది. కానీ ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నాకు ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది.

అసిరమ్మ ఏడవలేదు, గొడవ పెట్టలేదు. జిమ్మీ మెడకున్న తాడు తెచ్చి తనే నా చేతిలో పెట్టింది. "మద్దేనం గెంజి పొయ్యండి. పక్కన మనిసి కూకోపోతే ముట్టదు. ఆ మాట గేపకం ఎట్టుకోండి" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. జిమ్మీ గేటు వరకూ తాడు లాగింది. ఆ తర్వాత లాగడం మానేసి గేటు వైపే చూస్తూ నిలబడింది.

అలా ఇరవై ఏడు కుక్కలకు నేను వార్డెన్‌నయ్యాను. తప్పినవి దాదాపు అన్నీ బజారు కుక్కలు, రిక్షావాళ్ళవీ, టీకొట్ల వాళ్ళవీ, జాలరిపేట వాళ్ళవీ. మొదటి రోజే నా ఎడమ చెప్పు పోయింది. రెండో రోజు కుడిది కూడా పోవడంతో నాకు కొంత ఊరట కలిగింది. ఒక కుక్క రైలు కూత వినిపిస్తే చాలు, రైలు కంటే ఎక్కువసేపు కూసేది. ఇంకొకటి నేను ఊడ్పించిన చోటు చూసుకుని, అక్కడే తన పని కానిచ్చేది. ఇంటికి వెళ్ళేసరికి నా ప్యాంటు నిండా బొచ్చు. "ఆఫీసుకెళ్ళొస్తున్నారా, గొర్రెల మందలోంచొస్తున్నారా?" అని మా ఆవిడ గుమ్మంలోనే బట్టలు మార్పించేది.

జిమ్మీ గంజి ముట్టలేదు. మొదటి పూట నేను నియమం ప్రకారం గిన్నె పెట్టి వచ్చేశాను. మర్నాడు కూడా అలాగే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం వరండాలో ఎవరూ లేరని చూసుకుని, దాని పక్కన నేల మీద కూర్చున్నాను. అది నన్ను పైనుంచి కిందికి పరిశీలించి, గిన్నెలో మూతి పెట్టింది. తాగినంతసేపూ దాని వీపు నా మోకాలికి ఆనించే ఉంచింది. యాభై రెండేళ్ళలో నన్ను ఎవరూ అంత అవసరంగా కూర్చోబెట్టుకోలేదు. మర్నాటి నుంచి నా టిఫిన్ డబ్బా కూడా అక్కడికే తెచ్చుకున్నాను.

రోజూ పది గంటలకు పండితుల వారు వచ్చి, కిటికీ అవతల నుంచి పాఠం చెప్పేవారు. "ఆసీనత వహింపుము!" అనగానే ఇరవై ఏడూ మొరిగేవి. ఆయన ఆగితే అవి ఆగేవి. "స్పందిస్తున్నాయి" అని ఆయన సంతోషించేవారు.

నాలుగో రోజు మొరుగుడు మరీ మితిమీరింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గేటు దగ్గర గుమిగూడారు. నేను నిఘంటువు పట్టుకుని 'మౌనము దాల్పుడు' అని అరుస్తున్నాను. అంతలో గోడ అవతల నుంచి ఒక కేక వినబడింది.

"ఏటర్రా ఆ గోల? వల్లకోండి! తొంగోండెహే!"

ఇరవై ఏడు కుక్కలూ ఒక్కసారి పడుకున్నాయి. నేను కూడా కుర్చీలో కూర్చుండిపోయాను.

గోడ మీదుగా చూస్తే అసిరమ్మ. గంప పక్కన పెట్టుకుని నీడలో కూర్చుని ఉంది. రోజూ వస్తోందట. "ఆడ కూకుంటే కుడి పక్కన ఏటవతాందో తెలవట్లేదు బావూ. తొలి రోజు సగం గంప కాకులే తినీసినాయి. ఈడ కూకుంటే దాని గొంతైనా ఇనబడతాది" అంది.

ఆ రోజు నుంచి లోపల నేను వార్డెను, బయట ఆమె. నేను కిటికీలోంచి చెయ్యి ఊపితే ఆమె ఒక మాట అనేది. వారం తిరక్కుండా వసతి గృహం గుడిలా ప్రశాంతమైపోయింది. నా నివేదికల్లో 'క్రమశిక్షణ అత్యంత సంతృప్తికరం' అని రాశాను. అబద్ధం రాయలేదు. కారణం రాయలేదు, అంతే. ఒకసారి జిమ్మీని వదిలేయమని కమిషనరు గారిని అడిగి చూశాను. "మినహాయింపులు మొదలుపెడితే రేపు పిల్లులు అడుగుతాయి" అన్నారు.

నా నివేదికలే కొంప ముంచాయి. వాటిని కమిషనరు గారు రాజధానికి పంపారు. రాష్ట్రంలోనే ఆదర్శ పథకం కాగలదేమో చూడడానికి పురపాలక శాఖ సంచాలకులు గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. నేను అసిరమ్మకు ఒక్కటే చెప్పాను: "పండితులు పొడుగాటి మాట అనగానే నువ్వు గోడవతల నుంచి 'కూకో' అను. మెల్లిగా అను. ఇది బాగా జరిగితే అన్నిటికీ సర్టిఫికెట్లు ఇచ్చి ఇంటికి పంపేస్తారు."

"అంతేనా? అంటాను" అంది.

సంచాలకులు గారు పదకొండింటికి వచ్చారు. కారు దిగుతూనే "వెరీ నైస్, వెరీ నైస్" అన్నారు. మైదానంలో కుక్కల్ని మూడు వరుసల్లో నిలబెట్టాం. సంచాలకులు గారు ముందుకొచ్చి, పరీక్షగా "సిట్!" అన్నారు. ఒక్క కుక్క కదల్లేదు. "కమ్!" అన్నారు. కదల్లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఫెంటాస్టిక్! ఇంగ్లీష్ కంప్లీట్‌గా పోయింది!" అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ కుక్కలకు అది ఎన్నడూ రాలేదన్న సంగతి చెప్పాల్సిన అవసరం మాలో ఎవరికీ కనిపించలేదు.

అప్పుడు పండితుల వారు శాలువా సర్దుకుని, చెయ్యెత్తి, "ఆసీనత వహింపుము!" అన్నారు.

నేను గోడ వైపు చెవి పెట్టాను. నిశ్శబ్దం.

"ఆసీనత వహింపుము!"

మళ్ళీ నిశ్శబ్దం. కమిషనరు గారు నా వైపు చూసిన చూపులో సస్పెన్షన్ ఆర్డరు టైపవుతోంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. సంచాలకుల వారి రాక సందర్భంగా గోడ చుట్టుపక్కల అనధికార వ్యక్తులెవరినీ ఉండనివ్వరాదని పొద్దున్నే ఉత్తర్వు వెళ్ళింది. దాని మీద సంతకం నాదే.

దూరంగా, వీధి చివర, వాచ్‌మన్‌తో పోట్లాడుతున్న అసిరమ్మ గొంతు సన్నగా వినిపించింది. నాకు వినిపించిందంటే జిమ్మీకి వినిపించదా? వాలిన చెవి నిక్కబొడుచుకుంది. అది వరుసలోంచి విల్లు వదిలిన బాణంలా దూసుకొచ్చింది. దానికి కావాల్సింది గేటు. గేటుకీ దానికీ మధ్యలో ఉన్నది త్రివిక్రమరావు గారు. దాన్ని చూసి మిగతా ఇరవై ఆరూ లేచాయి.

ముప్ఫై నాలుగేళ్ళ అధ్యాపకత్వమూ, భాషాభూషణ బిరుదూ, శాలువాతో సహా నేల మీద పడ్డాయి. పండితుల వారు సంచాలకులు గారి కుర్చీ ఎక్కేసి, రెండు చేతులూ ముందుకు చాచి కేకేశారు.

"ఒలమ్మో! ఒలమ్మో నాయినో! ఒరే, కూకోరా! నీకు దణ్ణవెడతాను, కూకోండ్రా బావూ, కూకోండి!"

జిమ్మీ నాలుగు కాళ్ళూ బిగబట్టి, దుమ్ము రేపుకుంటూ జారి, ఆయన పాదాల దగ్గర కూర్చుంది. వెనక ఇరవై ఆరూ కూర్చున్నాయి.

సంచాలకులు గారు చప్పట్లు కొట్టారు. "సూపర్బ్! వాట్ ఈజ్ దట్ కమాండ్?"

విద్యాధర్ గారు ఇలాంటి సమయాల కోసమే పుట్టారు. రెప్ప వాల్చకుండా, "అత్యవసర పరిస్థితుల్లో మాత్రమే వినియోగించు ప్రత్యేక ఆదేశం సార్. గోప్యంగా ఉంచాం" అన్నారు.

అప్పటికి అసిరమ్మ వాచ్‌మన్‌ని తోసుకుని గేటు దాటి వచ్చేసింది. ఇంకా కుర్చీ మీదే నిలబడి ఉన్న పండితుల వారిని ఎగాదిగా చూసి, చీర చెంగు నడుముకు దోపుకుంది.

"బావుకి తెలుగొచ్చీసింది. ఇంకేటి? నా కుక్కనొగ్గీండి."

ఎవరూ అడ్డు చెప్పలేదు. జిమ్మీ ఆమె చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, మూడోసారి ఆమెను పడేసినంత పని చేసింది. ఆమె దాన్ని నోరారా తిడుతూ, తల నిమురుతూ తీసుకుపోయింది. నేను వరండాలోకి వెళ్ళి గంజి గిన్నె కడిగి బోర్లించాను. దుమ్ము కళ్ళలో పడిందని డాక్టరు గారితో చెప్పాను.

పథకం ఆ తర్వాత పది రోజులే బతికింది. సంచాలకులు గారు మెచ్చుకున్న ఆదేశాన్ని నిఘంటువులో చేర్చక తప్పలేదు. చేర్చాక పాసైన కుక్కలన్నిటికీ అందులో మళ్ళీ పరీక్ష పెట్టక తప్పలేదు. మంజులవాణి గారు ఎంత ప్రయత్నించినా 'కూకో' అనలేకపోయారు, 'కొక్కో' అన్నారు. రాకీ చుట్టూ చూసి, కోడిని వెతకడానికి వెళ్ళింది. నేను రిజిస్టరులో 'తెలుగు రాదు' అని రాసి, వసతి గృహానికి తరలింపు కాగితం మీద సంతకం పెట్టాను. అంత ఇష్టంగా నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రానికే పథకం 'పునఃసమీక్ష నిమిత్తం' నిలిపివేయబడింది, మిగిలిన కుక్కలన్నీ ఇళ్ళకు వెళ్ళాయి. ఛైర్మన్ గారి కుక్క తప్పిన పరీక్షను ఏ పురపాలక సంఘమూ కొనసాగించదు.

తర్వాతి ఆదివారం నేను నెత్తళ్ళు కొనడానికి రేవు రోడ్డుకు వెళ్ళాను. నెత్తళ్ళు మా ఇంట్లో ఎవరూ తినరు. గంపకు కుడివైపు జిమ్మీ కూర్చుని ఉంది. ఎడమవైపు, కొంచెం దూరంలో త్రివిక్రమరావు గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఏదో సన్మాన సభకు వెళుతూ అక్కడ ఆగారట. నన్ను చూసి తడబడి, నేను అడక్కుండానే చెప్పారు.

"మాది ఇక్కడికి రెండు కోసుల దూరంలో పల్లె, భాస్కరరావు గారూ. మా అమ్మ అలాగే మాట్లాడేది. కాలేజీలో చేరిన కొత్తలో అందరూ నవ్వారు. అప్పటి నుంచి..." అని ఆగిపోయారు.

అసిరమ్మ తక్కెడ పట్టుకునే తలెత్తింది. "మరి ఆ తల్లి మాటలు నీ బుక్కులో ఎందుకెయ్యలేదు బావూ?"

దేనికైనా వెంటనే వ్యుత్పత్తి చెప్పగలిగిన మనిషి. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

అంతలో జిమ్మీ లేచి వచ్చి ఆయన పంచె అంచు వాసన చూడడం మొదలుపెట్టింది. ఆయన బిగుసుకుపోయారు. గొడుగు వెనక మొహం దాచుకుని, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లిగా అన్నారు.

"తొంగోరా."

జిమ్మీ ఒళ్ళు విదుల్చుకుని, ఆయన రెండు పాదాల మీదా పొట్ట ఆనించి పడుకుంది. నిమిషంలో గురక పెట్టింది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. సభకు టైమైపోతోందని సెల్‌ఫోన్ మోగింది. ఆయన ఆటోవాడికి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపి, ఫోన్ ఆపేసి, గొడుగు నీడ కుక్క మీద పడేలా కొద్దిగా వంచి, అలాగే నిలబడ్డారు.